లేని పదహారు పేజీలు

ఆ పుస్తకంలో చివరి పదహారు పేజీలు లేవు. లేవని తెలిసే అంగడివాడు నాకు అమ్మాడు. ఈ అన్యాయం జరిగి నలభై ఐదేళ్ళు దాటింది. నా కోపం మాత్రం ఇంకా అప్పుడే పితికిన పాలలాగా వెచ్చగానే ఉంది.

ఆ రోజుల్లో మాబోటివాళ్ళకు చదువు అడిగితే దొరికేది కాదు, వెతుక్కోవాలి. ఏడో తరగతితో నన్ను బడి మానిపించారు. మిగతాదంతా చిక్కబళ్ళాపురం పాతపేపర్ల అంగట్లో తూకానికి కొన్న పుస్తకాలతో, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు నిఘంటువుతో నేనే చదువుకున్నాను. (ఆ నిఘంటువు మూడో అక్షరం నుంచే మొదలయ్యేది. మొదటి రెండక్షరాల మాటలంటే నాకు ఈనాటికీ అనుమానమే.) అలా దొరికిందే ఆ ఐర్లండు ప్రేమ నవల. పట్నంలో ఉద్యోగం చేసే పిల్ల, చనిపోయిన అవ్వ భూమి అమ్మేయడానికి పల్లెకు వస్తుంది. పక్క పొలంలో గొర్రెలు మేపే కోపిష్టి ఒకడుంటాడు. ఇద్దరూ రాతిగోడ దగ్గర పోట్లాడుకుంటారు, వానలో తడుస్తారు, ఇరవై పేజీలకొకసారి ముద్దు పెట్టుకుంటారు.

నేనప్పుడు పాతపాళ్య పక్కన మా ఊరి డెయిరీలో పాలు పరీక్ష చేసేవాణ్ణి. సాయంత్రం క్యాన్లతో వరుసలో నిలబడే ఆడవాళ్ళకు, ఒక పక్క లాక్టోమీటరు పాలలో తేలుతుండగా, చదివినంత కథ తెలుగులో చెప్పేవాణ్ణి. ముద్దు వచ్చినచోటల్లా "మాట్లాడుకున్నారు" అని దాటేసేవాణ్ణి. మూడు గేదెలున్న ముసలామె, మేమంతా ఎనుములవ్వ అనేవాళ్ళం, ముందు నిలబడి విసుక్కునేది: "ఎంతసేపు మాట్లాడతారప్పా? గొర్రెల్ని తోలుకొచ్చేదెవురు?"

అక్కడ రోజూ వాన పడుతుందంటే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మాక ఇంకా కష్టమైంది. "దినమూ వాన పడే ఊర్లో భూమి అమ్మేదానికొచ్చిందా? ఆ పిల్లకి మతి ఉండాదా లేదా?" అని, అమ్ముతున్నది నేనే అయినట్టు నన్ను తిట్టారు. అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది.

"వాడు ఆ పిల్లకి ఏమవుతాడు?" అని అడిగింది ఎనుములవ్వ.

"ఏమీ కాడవ్వా."

"ఏమీ కాకుండానే మాట్లాడేదానికి వస్తాండాడా? తూ! ఆపప్పా నీ కథ."

కథ ఆగిపోతే నాకు ప్రాణం పోయినట్టే. ఎందుకంటే వరుస చివర మా మేనత్త కూతురు నిలబడేది. ఇంకాస్త వినడానికని వెనక వచ్చినవాళ్ళనందరినీ ముందుకు పంపి, తను చివరనే ఉండిపోయేది. నేను చెప్పేది ఆమె కోసమే. అందుకని గబుక్కున, "వాడు ఆ పిల్ల మేనమామ కొడుకే" అనేశాను. వరుస చల్లబడింది. (ఆమెకు నేనూ మేనమామ కొడుకునే. ఆ సంగతి నోరు జారాక గుర్తొచ్చింది.)

మరుసటి సాయంత్రం కొత్త పేచీ. "మేనమామ కొడుకైతే ఇంగ పోట్లాటెందుకు? లగ్నం పెట్టుకోమను!" నవల ఇంకా సగం కూడా కాలేదు. అడ్డం ఏదైనా కావాలి గదా అని, "పిల్లవాడు సరిగ్గా చదువుకోలేదని పిల్ల తల్లి ఒప్పుకోవడం లేదు" అన్నాను. తలలన్నీ ఒక్కసారిగా, ఆ రోజు కూతురితో వచ్చిన మా మేనత్త వైపు తిరిగాయి.

"ఇస్కూలు ఇడిసినోడికి నా కూతుర్ని ఇయ్యనని నేనెప్పుడంటిరా?" అంది అత్త క్యాన్ కింద పెట్టి. "అనలేదు గదా? ఇప్పుడంటాండా, ఇను!"

నెల తిరగకుండానే చింతామణి నుంచి మేష్టరు సంబంధం వచ్చింది. తాంబూలాలకు ముందు రోజు ఆమె అందరికంటే ముందే, ఒక్కతే పాలు తెచ్చింది.

"బావా, కడాన ఏమైంది? ఆ పిల్ల ఉండిపోయిందా, అమ్మేసి పోయిందా?"

నేను అప్పటికే చినిగిన చోటికి వచ్చి ఉన్నాను. "కడపటి పేజీలు లేవమ్మీ. తెలుసుకోని చెప్తా" అన్నాను. నిజాయితీపరుణ్ణి గదా! ఆమె ఖాళీ క్యాన్ మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. నేను లాక్టోమీటరు వైపే చూస్తూ, "పాలు బాగుండాయి" అన్నాను. వెళ్ళిపోయింది.

మర్నాడు తొలి బస్సుకే చిక్కబళ్ళాపురం పోయి అంగడివాణ్ణి నిలదీశాను. "తూకానికి కొన్నదానికి కడపటి పేజీలు యాడ తెచ్చేదప్పా? బరువు సరిగ్గా ఉండాదా లేదా?" అన్నాడు. నేను తిరిగొచ్చేసరికి మా అత్త ఇంట్లో తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది.

నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి ఆ పుస్తకమే కారణమని అనను, అంగడివాడు కూడా కారణమే. మొన్న మా అన్న మనవరాలు ఫోనులో వెతికి ఆ నవల పాత ప్రతి ఒకటి తెప్పించింది. ఆ పదహారు పేజీలు చదివాను. పిల్ల భూమి అమ్మలేదు. ఉండిపోమని వాడు అడిగేదాకా రాతిగోడ మీద కూర్చుని కాచుకుంది. (అడగడానికి వాడికి పదమూడు పేజీలు పట్టింది, మొద్దు వెధవ.) పుస్తకం మూసి వాణ్ణి చాలాసేపు తిట్టాను. ఆ తిట్లు ఎవరికి తగులుతున్నాయో తెలిశాక ఆపాను.

మాట ఇచ్చాను కాబట్టి, "ఆ పిల్ల ఉండిపోయింది" అని మనవరాలి ఫోనులో రికార్డు చేసి చింతామణిలో ఉన్న ఆమెకు పంపించాను. నాలుగో రోజు మనవరాలు నడుమింట్లో అందరూ వినేటట్టు ఆమె జవాబు పెట్టింది:

"బావా, పేజీలు లేకపోతే ఏమి? మేనమామ కొడుకు ఆ పుస్తకంలో లేడని నాకు అప్పుడే తెలుసు, వాణ్ణి నువ్వే చేరిస్తివి. అంత చేర్చినోడివి, ఇంగొక్క మాట చేర్చలేకపోతివా? సర్లే, మోకాళ్ళు ఎట్లుండాయి?"