ఆరు గళ్లలో బాపు కునుకు

మొన్న కంఠేశ్వర్‌లో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు, ఆమె మనవరాలు నేలమీద బోర్లా పడుకొని, డ్రాయింగ్ క్లాసు కోసం నవ్వించే కార్టూన్ కథకు స్టోరీబోర్డు గీస్తూ కనిపించింది. స్టోరీబోర్డన్న పేరు నాకు కొత్తే గానీ, కాగితం మీద ఆ గళ్లు చూడగానే బోధన్‌లో నేను తొమ్మిదో తరగతి చదివిన ఎనభైల నాటి రోజులు కళ్లముందుకొచ్చాయి.

మా డ్రాయింగ్ సారు అంతవరకు మాచేత కుండలు, మామిడికాయలే వేయించేవారు. ఒకరోజు మాత్రం, సినిమా తీసేవాళ్లు ముందు కథంతా బొమ్మల్లో గీసుకుంటారని చెప్పి, ఒక్క మాటా రాయకుండా ఆరు గళ్లలో నవ్వొచ్చే కథ గీసుకురమ్మన్నారు. మాట లేకుండా మనిషిని నవ్వించడమెట్లా అన్న ఆలోచన నన్ను పురుగులా తొలిచింది.

నాకు తెలిసిన నవ్వొచ్చే కథ ఒక్కటే, అది మా బాపుది, అంటే మా నాన్నది. అంతకుముందు ఏడాది ఆయన చెరుకు బండి కట్టుకొని చక్కెర ఫ్యాక్టరీకి పోయి, గేటు బయట బారులు తీరిన బండ్ల నడుమ మధ్యాహ్నపు ఎండకు కునుకు తీశాడు. వెనుక బండి ఎడ్లు మెడలు చాచి తీరిగ్గా మా చెరుకు నమిలేశాయి. ఊరంతా నవ్వింది. ఆ తర్వాత బాపు చాయ్ హోటలు ముందు కూర్చోవడం మానేశాడు, ఇంట్లో ఆ మాట ఎత్తడం మేమూ మానేశాం.

అయినా గీశాను. నమిలేటప్పుడు ఎద్దు దవడ ఎటు తిరుగుతుందో, అన్నం తిన్నాక కునికే బాపు తల ఎటు వాలుతుందో వారం రోజులు దొంగచాటుగా చూశాను. పొద్దు గడిచిందని ఎట్లా చూపాలో తెలియక తంటాలుపడి, చివరికి ఒక్కో గడిలో ఎద్దు పొట్ట కొంచెం పెంచి, చెరుకు కొంచెం తగ్గించాను. బాపు మాత్రం ఒక్కతీరుగానే పడుకున్నాడు. నవ్వంతా గడికీ గడికీ మధ్యనున్న ఖాళీలో దాగి ఉందని తెలిసి, ఎవరికీ దొరకని రహస్యమేదో దొరికినట్టు ఆశ్చర్యపోయాను.

సారు దాన్ని తరగతి గోడకు అంటించారు. నాలుగు రోజులకే, పరీక్ష ఫారం మీద సంతకం పెట్టడానికి వచ్చిన బాపు ఆ గోడ ముందు ఆగిపోయాడు. ఒక్కో గడి మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చూశాడాయన.

"నువ్వే గీసినవా బిడ్డా?" అన్నాడు. తలూపాను. "గా ఎనుక బండి ఎద్దు కొమ్ములు గిట్ల నిలువుగ లేవు. కిందికి వంగి ఉండె."

సారు దగ్గరికొచ్చి, "నిద్రపోయినోళ్లకు కొమ్ములెట్ల కనవడ్డయి?" అని అడిగారు.

"లేసినంక సూసిన సారూ. గప్పటికి సగం బండి దాని కడుపులనే ఉండె," అని బాపు నవ్వడం మొదలుపెట్టి, కండువాతో కళ్లు తుడుచుకునేదాకా ఆపలేదు. ఇంటికి పోయేదారిలో హోటలు ముందు సైకిలు ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ కథ ఆయనే అందరికీ చెప్పాడు.

ఎడ్లబండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి, తర్వాత ఫ్యాక్టరీయే మూతపడి ఆ గేటు ముందు బారులే లేకుండా పోయాయి. బాపు పోయి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరి బొమ్మ కావాలన్నా ఫోనులో క్షణంలో దొరుకుతుంది గానీ, మనిషిని అంతసేపు చూస్తూ కూర్చునే ఓపిక మనకెవరికీ లేదు. కన్నతండ్రి ముఖాన్ని నేనైనా తనివితీరా చూసింది ఆ ఒక్క వారమే.