అద్దం కన్నుల ఎద్దు

పోయిన నెల చుట్టాల పెళ్లికని పుట్టపర్తికి పోయి, భోజనాల పిలుపు రావడానికి ఇంకా చాలా పొద్దుందని తేలాక బజారు వెంబడి నడుస్తుంటే, ఒక అంగడి ముందర అద్దాలు కుట్టిన సంచులు వరసగా వేలాడుతూ కనిపించాయి. దగ్గరికి పోతే ప్రతి అద్దంలోనూ ఒక బట్టతల మనిషి నన్నే చూస్తున్నాడు. మన వయసువాళ్లకు ఇలాంటి పరామర్శలు అలవాటే కాబట్టి వాణ్ని పట్టించుకోలేదు గానీ, ఆ కుట్టు చూడగానే ముదిగుబ్బ పక్కన ఒక తండా, అక్కడి అవ్వ, మేం చేసిన పుస్తకం గుర్తుకొచ్చి, అంగడాయన రేటు చెబుతున్నా వినకుండా నిలబడిపోయాను.

అవి తొంభైల చివరి ఏళ్లు. నాకు డిగ్రీ ఉంది, పని లేదు. నాయన వేసిన వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోతుంటే నన్ను చేనుకు పిలవడంలో అర్థం లేదని ఆయనకూ తెలిసి, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరతానంటే సరేనన్నాడు. సంస్థ అంటే ఒక అద్దె గది, ఒక టేప్ రికార్డరు, ఒక పెద్దసారు. సారు మంచివాడే, కాకపోతే మంచినీళ్లు అడిగినా మైకు ముందున్నట్టే అడిగేవాడు. సుగాలీల, అంటే లంబాడీల, భాషకు లిపి లేదు, ముసలివాళ్లతో పాటే కథలూ పోతున్నాయి, కాబట్టి వాళ్ల పిల్లల కోసం వాళ్ల భాషలోనే, తెలుగు అక్షరాల్లో కథల పుస్తకాలు వేయాలని ఆయన చెబుతుంటే ఒళ్లు గగుర్పొడిచేది. టీ తెచ్చేదెవరని నేనడిగితే దిగిపోయేది.

తండాలో మాకు దారి చూపింది అవ్వ కొడుకు. నా ఈడువాడు, మా సంస్థలోనే పని, ముదిగుబ్బలో కాపురం. ఆ వేసవికి కూతుర్ని తండాలో అవ్వ దగ్గర వదిలాడు. బడులు తెరవగానే పిల్లను దూరంగా హాస్టల్లో చేర్చాలని అనుకున్నాడు. అవ్వ మా పనికి ఒప్పుకున్నది భాషను కాపాడటానికేం కాదు. తన నాయనమ్మ తనకు చెప్పిన ఎద్దు కథ, ఉప్పు మోసే గుంపులోంచి తప్పిపోయి మెడలో గంట పోగొట్టుకున్న ఎద్దు కథ, మనవరాలు హాస్టలుకు పోయేలోగా ఆ పిల్ల చెవిన వేయాలని, మరిచిపోకుండా చేతిలో పుస్తకం పెట్టి పంపాలని ఆమె తాపత్రయం. సారు దాన్ని జాతి సంపద అన్నాడు. అవ్వకు అది బిడ్డకు కట్టిచ్చే రొట్టెల మూట.

తీరా టేపు తిప్పితే అవ్వ రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. వాళ్లలో కథ చెబుతుంటే ఎదుట ఒకరు ఊఁ కొడుతూ ఉండాలి, లేకపోతే కథ కదలదు. మిషను ఊఁ అనదు కాబట్టి ఆ ఉద్యోగం నాకిచ్చారు. ముక్క అర్థంకాని భాషకు ఊఁ కొట్టడం ఎంత కష్టమో కొట్టినవాళ్లకే తెలుస్తుంది. ఎద్దు తప్పిపోయి గుంపంతా ఏడుస్తున్న చోట నేను మహా హుషారుగా ఊఁ అన్నానట. అవ్వ కథ ఆపి, నా వైపు తిరిగి తెలుగులో అనింది:

"ఏమప్పా, ఎద్దు పోయిందంటే నీకంత సంబడమా? నువ్వేమన్నా తోలుకపోయినావా దాన్ని?"

నన్ను తీసేసి మనవరాలిని కూర్చోబెట్టారు. ఆ పిల్ల అవ్వ ముఖంలోకే చూస్తూ, గొంతు తగ్గితే మెల్లగా, పెరిగితే గట్టిగా ఎంతో పద్ధతిగా ఊఁ కొట్టింది. భాష బతికే ఉందని సారు కళ్లు తుడుచుకున్నాడు. మేమూ నమ్మాం, అవ్వా నమ్మింది. పిల్ల ఎప్పుడూ తెలుగులోనే బదులిస్తుందని అందరికీ తెలుసు గానీ, చెప్పింది అర్థమవుతోందా అని అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

బొమ్మలు అవ్వే గుడ్డ మీద కుట్టింది, ఎద్దు కన్నుకు అద్దం బిళ్ల పెట్టి. వాటిని ఫోటోలు తీసి నలుపు తెలుపులో అచ్చు వేయిస్తే అద్దాలన్నీ నల్లమచ్చలయ్యాయి. సారు తల పట్టుకుని కూర్చున్నాడు. కరువు జిల్లా ఎద్దు ఇంతకన్నా కళగా యాడుంటుంది సార్ అని నేను ఓదార్చాను. అవ్వ మాత్రం పుస్తకాన్ని వెలుతురుకు పట్టి చూసి, కండ్లు పోతే పోనీ, కొమ్ములు బాగుండాయిలే అని సర్దుకుంది.

పుస్తకాలు తండాకు తెచ్చిన రోజే పందిరి కింద మనవరాలి చేత చదివించాం. తెలుగక్షరాలు బాగా వచ్చిన పిల్ల, ఎక్కడా తడబడకుండా గడగడా చదివేసింది. చిన్నప్పుడు తాను తన నాయనమ్మ నోట విన్న మాటలు ఆ చిన్న నోట్లోంచి వస్తుంటే అవ్వ నవ్వుతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ విన్నది. పిల్ల పుస్తకం మూసి, మెప్పు కోసం అందరినీ ఒకసారి చూసి అడిగింది:

"బాగా చదివినా గదా. ఇప్పుడు దీంట్లో ఏముండాదో చెప్పవ్వా."

అలాంటప్పుడు ఏదో ఒకటి అని నవ్వించడం నా పని. ఆ రోజు పుస్తకాల కట్ట తాడు బిగించే పని పెట్టుకున్నాను. సారు, జీవితంలో మొదటిసారి, మైకు లేని మనిషిలా మెల్లగా మంచినీళ్లు అడిగాడు. తండ్రి తల వంచుకుని, నాకొక్కడికే వినబడేలా అన్నాడు:

"ఇంట్లో తెలుగే మాట్లాడతామన్నా. బళ్లో తెలుగు రాక నేను తిన్న దెబ్బలు సాల్లేదా, అది గూడా తినల్లా?"

ఇన్నాళ్లూ పగలంతా మాతో కూర్చుని తల్లి మాటల్ని కాగితానికెక్కించినవాడు అతనే. అతన్ని ఏమనగలం?

అవ్వ పిల్ల చేతిలోంచి పుస్తకం తీసి పక్కన పెట్టింది. తర్వాత పిల్లను దగ్గరికి లాక్కుని తెలుగులో మొదలుపెట్టింది, ఒక ఎద్దు ఉన్నింది అని. ఆమె తెలుగు సంతలో బేరాలకు సరిపోయేది గానీ కథకు చాలేది కాదు. మాట దొరకని చోట కొడుకు వైపు చూసేది, అతను అందించేవాడు. ఎద్దు ఆ రోజు కుంటుకుంటూనే నడిచింది. కానీ పిల్ల ఈసారి ఊఁ కొట్టి ఊరుకోలేదు. ఎద్దు ఏం తినింది, గంట ఎవరికి దొరికింది, వాళ్లమ్మ వెతకలేదా అని అడుగడుగునా అడ్డం పడింది. అవ్వ విసుగు నటిస్తూ ప్రతిదానికీ బదులు చెప్పింది. సారు టేపు తిప్పలేదు.

వానలు పడకపోయినా జూన్‌లో పిల్ల హాస్టలుకు పోయింది. మిగిలిన పుస్తకాల కట్టలు కొన్ని బడులకు చేరాయి, కొన్ని ఎక్కడికీ చేరలేదు. కొన్నేళ్లకు సంస్థ మూతపడింది, అవ్వ కూడా పోయింది. ఆ ఎద్దు కథ నాకిప్పటికీ వచ్చు, తెలుగులో.

ఇప్పుడూ ఆ దారిన పోతే తండాలో ఆగుతాను. రోడ్డు బాగుంది, ఇంగ్లీషు బడి బస్సు గడప దాకా వస్తుంది. అప్పట్లో మేం అడుగుపెడితే, అరుగుల మీద సాగుతున్న వాళ్ల మాట మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగి, మర్యాదగా తెలుగులోకి మళ్లేది. ఆ ఆగడం నాకు నచ్చేది కాదు, పరాయివాణ్ణని చెప్పినట్టుండేది. ఇప్పుడు తెలుగులో కేకలేసుకుంటూ ఆడే పిల్లల గుంపు మధ్యకు నేరుగా నడిచిపోతాను. నన్ను చూసి ఎవరి మాటా ఆగదు.