ఫిట్టే, కానీ వెళ్ళను

ఇరాక్‌లో యుద్ధం మొదలైన మరుసటి ఏడాది నేను బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో ఒక జనరేటర్ల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌ని. ఒక ఉదయం మేనేజరు మమ్మల్నందరినీ షెడ్డులో నిలబెట్టి, ఇరాక్‌లోని అమెరికా సైనిక శిబిరంలో జనరేటర్లు నడిపే పని కంపెనీకి వచ్చిందని చెప్పాడు. గురువారం డాక్టరు వస్తాడు. ఫిట్ అయినవాళ్ళు వెళ్ళాలి, అన్‌ఫిట్ అయినవాళ్ళకి మినహాయింపు. మా పాస్‌పోర్టులు అతని బీరువాలో ఉన్నాయి కాబట్టి మా ఇష్టాయిష్టాల ప్రస్తావన రాలేదు.

ఆ సాయంత్రం మేముండే లేబర్ క్యాంపు గదిలో టీవీ పెట్టాం. అమెరికా తన కుర్రాళ్ళని మళ్ళీ నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుంటుందా అని వార్తల్లో చర్చ నడుస్తోంది. నా పక్క మంచం వెల్డరుది. జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆశగా లేచి కూర్చున్నాడు.

"వాళ్ల పోరగాండ్లనే తోల్కపోతే ఇగ మనతోని ఏం పని తమ్మీ? ఆ చట్టం వస్తదంటవా?"

"రాదన్నా. చట్టం తెస్తే పెద్దింటి పిల్లలు కూడా వెళ్ళాలి. అమ్మానాన్నలు ఊరుకోరు, ఓట్లు పోతాయి. అదే వంట, లారీలు, కరెంటు మనలాంటోళ్ళకి అప్పజెప్పారనుకో, ఉన్న సైనికులు తుపాకులకి సరిపోతారు. మనం దొరికినన్నాళ్ళూ ఆ చట్టంతో వాళ్ళకి పనిలేదు."

"గట్లంటే వాళ్లకు రావల్సింది మనకొచ్చింది."

నా లెక్క మొత్తాన్నీ అతను ఒక్క ముక్కలో తేల్చేశాడు. తర్వాత ఆవకాయ సీసా తీసి, అన్నం లేకుండా స్పూనుతో తినసాగాడు. బీపీ పెరగడానికట! బహ్రెయిన్ వచ్చేముందు మెడికల్ పాసవ్వాలని నెల్లాళ్ళు ఉప్పు మానేసిన మనిషి.

"అన్‌ఫిట్ అని రాస్తే ఇరాక్‌కే కాదన్నా, ఇక్కడికీ పనికిరావు. వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారు."

"సచ్చుడు కన్న ఇంటికి పోవుడు నయం గాదా?" అన్నాడు ముక్క నములుతూ.

నాకు ఆ రెండూ అక్కర్లేదు. చేస్తున్న పని కావాలి, ప్రాణమూ కావాలి. ఇందులో అత్యాశ ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గురువారం డాక్టరు నా చెవులు పరీక్షించి, గొంతు తగ్గించి, "కుడి చెవి దెబ్బతింది. జనరేటర్ల మోత. కావాలంటే అన్‌ఫిట్ రాస్తాను," అన్నాడు. దయగానే అన్నాడు. కానీ ఆ చెవి పాడైంది ఈ షెడ్డులోనే. దాన్నే సాకుగా చూపించి వీళ్ళు నన్ను సాగనంపడమేమిటి?

"ఫిట్ అనే రాయండి," అన్నాను. పక్క కుర్చీలో ఉన్న మేనేజరు వైపు తిరిగి, "ఫిట్టే. కానీ వెళ్ళను. నన్ను తెచ్చుకుంది బహ్రెయిన్‌లో పనికి. నేను ఏ దేశపు సైన్యంలోనూ చేరలేదు," అన్నాను.

"క్యాన్సిల్ చేసి పంపేస్తా!"

"పంపండి సార్. టికెట్ మాత్రం హైదరాబాదుకి తీయండి, బాగ్దాదుకి కాదు."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నా వెనకే ఉన్న వెల్డరు అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి సిద్ధంగా ఉన్నాడు. డాక్టరు బీపీ పట్టీ చుట్టబోతుంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చూసుడు వద్దు సార్. నేను గూడ ఫిట్టే. నేను గూడ పోను."

"ఖలాస్!" అంటూ మేనేజరు బల్ల గుద్ది లేచాడు.

టికెట్ల ఖర్చు ఎందుకనుకున్నారేమో, వీసాలు క్యాన్సిల్ చేయలేదు. మరుసటి వారం మా ఇద్దరినీ షెడ్డు నీడలోంచి తీసేసి, మామీర్‌లో మండే ఎండలో పైపులు మోసే పనికి వేశారు. వెళ్ళాం. మామీర్ బహ్రెయిన్‌లోనే ఉంది.