పడుకునే ముందు గ్యాస్ కట్టేశావా?

2022 సెప్టెంబరులో మా కంపెనీ నన్ను సర్రే పట్టణం పనులకు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేసింది. ఇళ్ళకు భూకంప గ్యాస్ వాల్వులు బిగించే పని. విశాఖపట్నంలో పైపు పని నేర్చుకుని, కెనడా వచ్చాక ఇక్కడి పరీక్షలు రాసి గ్యాస్ ఫిట్టర్ లైసెన్సు తెచ్చుకున్న నాకు ఉద్యోగంలో అదే చివరి పోస్టింగ్. ఫిట్టర్లు బిగిస్తారు. పర్మిట్ తీసుకోవడం, పని సరిచూడడం, యజమాని ఫిర్యాదు చేస్తే కారణం తేల్చి రిపోర్టు రాయడం సూపర్‌వైజర్ వంతు.

చదువుకోవడానికి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న కాలం అది. బేస్‌మెంట్ ఉన్న ఇల్లల్లా అద్దెకు పోయింది. పైన ఒక కుటుంబం, కింద ముక్కూముఖం తెలియని నలుగురు. యజమానులకు గ్యాస్ గురించి భయం పట్టుకుంది. పశ్చిమ తీరంలో భూకంపం వస్తే ఏం చెయ్యాలో బళ్ళోనే నేర్పుతారు కనుక వాల్వు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మా చేతినిండా పని ఉండేది.

ఈ వాల్వు చూడడానికి చిన్నదే. వీధిలోంచి వచ్చే గ్యాస్ మీటరు దాటి ఇంట్లోకి వెళ్ళే చోట పైపులో బిగిస్తాం. లోపల ఒక ఉక్కు బంతి గూటిలో కూర్చుని ఉంటుంది. నేల గట్టిగా ఊగితే బంతి గూటిలోంచి జారి గ్యాస్ దారిని మూసేస్తుంది. పైనున్న చిన్న అద్దంలో పచ్చ రంగు కనిపిస్తే తెరిచి ఉన్నట్టు, ఎరుపైతే పడినట్టు. పైపును గోడకు క్లాంపులతో కదలకుండా బిగించాలి, రసమట్టం పెట్టి చూసుకోవాలి. ఏమాత్రం వాలినా బంతి అయినదానికీ కానిదానికీ పడిపోతుంది. వాల్వు పక్కనే పసుపు పిడి ఉన్న మామూలు చేతి వాల్వు కూడా ఒకటి పెట్టేవాళ్ళం, లీకు పరీక్షల సౌకర్యానికి.

అక్టోబరులో గుర్మీత్ గారి ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. ఆవిడ పంజాబీ, అరవై దాటిన మనిషి. పైన ఒక్కరే ఉంటారు. బేస్‌మెంట్‌లో ముగ్గురు అమ్మాయిలు అద్దెకున్నారు. వాల్వు పెట్టిన దగ్గర నుంచి తెల్లారేసరికి ఇల్లు చల్లబడుతోందనీ, కుళాయిలో వేడినీళ్ళు రావడం లేదనీ ఫిర్యాదు. మా ఫిట్టర్ వెళ్ళి రసమట్టం చూశాడు, సరిగ్గానే ఉంది. అయినా వాల్వు మార్చి వచ్చాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. ఈసారి నేను వెళ్ళాను.

గుర్మీత్ గారు అప్పటికే తీర్పు చెప్పేసి ఉన్నారు. "భాయ్‌సాబ్, కింద పిల్లలు రాత్రిళ్ళు గంతులేస్తున్నారు. ఇల్లు అదురుతోంది, మీ బంతి పడుతోంది. నెలాఖరుకు వాళ్ళని వెళ్ళిపొమ్మన్నాను. మీరు ఆ యంత్రం కూడా పీకి పట్టుకుపోండి" అన్నారు హిందీలో.

నెలాఖరుకు ఆ ఊళ్ళో మరో గది దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక్కో హాలులో పరుపులు వరసగా వేసుకుని పడుకున్న పిల్లల్ని పనుల మీద తిరుగుతూ చూస్తూనే ఉన్నాను.

నేను అద్దంలో చూశాను. పచ్చగా ఉంది. పొద్దున్నే మీరు ఏమైనా తిప్పారా అని అడిగాను. నీళ్ళ ట్యాంకు కింద ఎప్పుడూ వెలుగుతూ ఉండాల్సిన చిన్న పైలట్ మంట ఆరిపోతే వెలిగించుకోవడం తప్ప దాన్ని ముట్టుకోలేదన్నారు. అక్కడే లెక్క తప్పింది. ఈ బంతి తనంతట తాను పడగలదు గానీ తనంతట తాను లేవలేదు. పడిందంటే ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితేనే మళ్ళీ గూటిలోకి వెళుతుంది. కనుక పడింది బంతి కాదు. గ్యాస్‌ను ఎవరో చేత్తో ఆపుతున్నారు, చేత్తో వదులుతున్నారు.

బేస్‌మెంట్ తలుపు తట్టాను. తీసిన అమ్మాయి నా కోటు మీద పేరు చదివి, "మీరు తెలుగా అంకుల్?" అంది. పేరు శిరీష, ఖమ్మం. వెనకే దుప్పటి కప్పుకుని నిలబడ్డ అమ్మాయి సాహితి, నెల్లూరు. మూడో అమ్మాయి కాలేజీకి వెళ్ళింది.

"రాత్రి పడుకునే ముందు మీరు ఏమేం చేస్తారమ్మా?" అని అడిగాను.

"ఏం చేస్తమంకుల్, గంతులైతే ఎయ్యం. తింటం, గిన్నెలు కడుగుతం, గ్యాస్ బంద్ చేస్తం, పంటం."

"గ్యాస్ ఎక్కడ బంద్ చేస్తారు?"

"బయట, పసుపు హ్యాండిల్. పొద్దున షిఫ్ట్‌కి పోయేటప్పుడు మళ్ల తిప్పి పోతా."

"ముందు స్టవ్ వెనకంతా టార్చ్ వేసి చూశాం అంకుల్, సిలిండరే కనపడలా. బయట ఆ పిడి కొత్తగా పెట్టాక కదా మా ప్రాణం కుదుటపడింది" అంది సాహితి.

మెట్టు మీద కూర్చుని నవ్వుకున్నాను. మన ఇళ్ళలో గ్యాస్ అంటే వంట. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టెయ్యకపోతే ఇల్లాలికి నిద్ర పట్టదు. ఇక్కడ అదే గ్యాస్‌తో ఇల్లు వేడెక్కుతుంది, నీళ్ళు కాగుతాయి. ఆ సంగతి వీళ్ళకు ఎవరూ చెప్పలేదు, మా ఫిట్టర్‌తో సహా. రాత్రి ఇంటిని వేడిచేసే ఫర్నేసు ఆరిపోయేది, పొద్దున గ్యాస్ వచ్చాక తంటాలు పడి మళ్ళీ అంటుకునేది. ట్యాంకు పైలట్ మాత్రం ఆరిందంటే ఆరినట్టే.

"మరి చలి వెయ్యలేదా?"

"కెనడా గదా అంకుల్, గిట్లనే ఉంటదనుకున్నం" అంది శిరీష.

అందులో ప్రమాదం చెప్పాను. స్టవ్ మీద మంట ఉండగా బయట ఆపేసి, ఆ బర్నర్ తిప్పడం మరిచిపోతే, పొద్దున వదిలినప్పుడు మంట లేకుండా గ్యాస్ ఇల్లంతా నిండుతుంది. సాహితి వెళ్ళి స్టవ్ పిడులన్నీ తిప్పి చూసి వచ్చింది. శిరీష, "ఆంటీకి చెప్పకండంకుల్. ఇప్పటికే పొమ్మంది. ఇది తెలిస్తే ఇయ్యాలే పొమ్మంటది" అంది.

రిపోర్టులో కారణం గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. కారణం తెలియదని రాస్తే వాల్వు పోతుంది, గంతులేశారన్న పేరు మీద పిల్లలూ పోతారు. ఉన్నదే రాస్తానన్నాను. నేను చెప్పడం కంటే నువ్వు చెప్పడం మంచిదని కూడా అన్నాను. ఆ అమ్మాయి చెప్పులు వేసుకుని నాకంటే ముందు మెట్లెక్కింది.

పడుకునే ముందు గ్యాస్ కట్టేశావా అని ఖమ్మం నుంచి అమ్మ రోజూ ఫోనులో అడిగే సంగతితో సహా, తనకొచ్చిన హిందీలో ఒక్కటీ దాచకుండా చెప్పింది. గుర్మీత్ గారు మొదట నా వైపు చూశారు. తర్వాత, "ఇన్ని రాత్రులూ మీరూ చలిలోనే పడుకున్నారా?" అని అడిగారు. అవునంది శిరీష. "పిచ్చిపిల్లా, నేను మూడు రజాయిలు కప్పుకుని మీ గంతుల్ని తిడుతున్నాను!" అని ఆవిడ చాలాసేపు నవ్వారు. నెలాఖరు మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక షరతు మాత్రం పెట్టారు. ఇంత భయం పెట్టిన అమ్మతో ఈ భాయ్‌సాబ్ ఇప్పుడే మాట్లాడాలి.

ఖమ్మంలో రాత్రి భోజనాలైన వేళ. వీడియోలో శిరీష తల్లి కనిపించారు. విషయం చెప్పి, ఇక్కడ రాత్రి గ్యాస్ ఆపకూడదమ్మా అన్నాను.

"మీరెవరు సార్, గ్యాస్ కంపెనీ ఆయనా? మీరట్లనే అంటరు. బంద్ చెయ్యకపోతే పేలదా?"

బంతి సంగతి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. "అంటే భూకంపమొస్తే అదే బంద్ చేస్తది. మరి పిల్ల స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతే?"

"అది చెయ్యదమ్మా."

"గట్ల చెప్పండి. స్టవ్ చూసుకునుడైతే తప్పదు. శిరీషా, ఇన్నవా?"

ఆ మాటతో వాల్వు ఏం చేస్తుందో, ఏం చెయ్యదో నాకంటే క్లుప్తంగా తేలిపోయింది. పసుపు పిడి తీసేసి, రెంచీతో తప్ప తిరగని వాల్వు పెట్టాను. లైను మొత్తం సబ్బునీళ్ళతో పరీక్షించి, పైలట్ వెలిగించి, కారణం గడిలో "అద్దెకున్నవారు ఇంటి అలవాటు ప్రకారం గ్యాస్ ఆపారు, ఉపయోగం వివరించబడలేదు" అని రాశాను. పిల్లలు చదువు పూర్తయ్యేదాకా అదే ఇంట్లో ఉన్నారని తర్వాత గుర్మీత్ గారి ద్వారా తెలిసింది.

శిరీష, గుర్మీత్ గారు, శిరీష తల్లి, ఈ ముగ్గురి పట్లా నాకు కృతజ్ఞత ఉంది. నిజం చెబితే గది పోతుందని తెలిసీ శిరీష చెప్పింది. వినకుండా తలుపు వేసుకునే హక్కు ఉండీ గుర్మీత్ గారు విన్నారు. ఆ తల్లి అడిగిన ప్రశ్న అప్పటిదాకా ఏ యజమానీ నన్ను అడగలేదు. అంతకు ముందు మేము పని ముగిశాక పై అంతస్తు వారికి వాల్వు చూపించి సంతకం తీసుకుని వచ్చేసేవాళ్ళం. ఆ తర్వాత నేను రిటైరయ్యే వరకు మా జట్టు కింది తలుపు కూడా తట్టింది. అక్కడ మొదటే వాల్వు గురించి చెప్పేవాళ్ళం కాదు. రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ఏమేం కట్టేస్తారని అడిగి, ఆ జవాబును బట్టి మొదలుపెట్టేవాళ్ళం.