మావయ్య పుచ్చుపన్ను

మా అక్కకు ఎనిమిదేళ్లప్పుడు, నాన్న కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో ఆయన బొమ్మ వేసింది. అమ్మ ఆ బొమ్మ చూసి మెచ్చుకోలేదు. సూదీ దారం తెచ్చి, నాన్న చొక్కాకు ఊడిపోయిన మూడో గుండీ కుట్టింది. అన్నాళ్లూ చొక్కా మీద కనబడనిది బొమ్మలో కనబడిందన్నమాట. మేం అప్పుడే జాగ్రత్తపడాల్సింది.

పెద్దయ్యాక అక్కకు బస్ పాసుల కౌంటర్లో ఉద్యోగం వచ్చింది. పాసు మీది ఫొటో, కిటికీలోని మొహం ఒకటేనా కాదా అని చూడటం పని. మిగతావాళ్లు ఒక్క చూపు చూసి ముద్ర గుద్దేవారు. ఈవిడ మాత్రం కనుబొమ్మ ఎక్కడ తెగిందో, ఏ చెవి పెద్దదో చూస్తూ కూర్చునేది. వరస వీధి మలుపు దాకా పోయేది. చివరికి ఒకరోజు ఇంటికొచ్చి, "ఉద్యోగం మానేస్తా, బొమ్మలే వేసుకుంటా" అంది.

అమ్మ షరతు పెట్టింది.

"చుట్టాలు కాని మనిషి ఒక్కరైనా నీ బొమ్మ అడిగి తీసుకెళ్లి వాళ్ల గోడకు తగిలించుకోవాలి. అప్పుడు మానెయ్. అందాకా నోరెత్తకు."

పరాయివాళ్లకు చూపించడానికి ముందు ఒక బొమ్మ ఉండాలి కదా. అక్క మావయ్యను, అంటే అమ్మ తమ్ముణ్ణి, కూర్చోబెట్టింది. తనంత అందగాడు ఇంకొకడు లేడని ఆయన గట్టి నమ్మకం. నాలుగు ఆదివారాలు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ కదలకుండా కూర్చున్నాడు. తీరా బొమ్మ చూస్తే నవ్వులో ఒక పన్ను నల్లగా పుచ్చి ఉంది. చెవి దగ్గర విగ్గు కాస్త లేచి ఉంది.

"నువ్వు నా మేనకోడలివా, పగదానివా?" అని గయ్‌మన్నాడు మావయ్య.

"ఉన్నదే వేశాను మావయ్యా."

"ఒక్క పన్ను తెల్లగా వేస్తే నీ సొమ్మేం పోయిందే?" అంది అమ్మ.

అక్క తెల్లరంగు తీసింది. కుంచె పన్ను దాకా వెళ్లి వెనక్కొచ్చింది. "చెయ్యి రావట్లేదమ్మా" అని ఏడ్చేసింది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

వారం తిరక్కుండా మావయ్య దవడ బంతిలా వాచింది. నేను తీసుకెళితే పళ్ల డాక్టరమ్మ "ఏ పన్ను?" అంటే ఆయన మొహమంతా చూపిస్తాడు. నేను ఇంటికి పరిగెత్తి, బొమ్మను దుప్పట్లో చుట్టి మోసుకొచ్చాను. అక్క కూడా నా వెనకే వచ్చింది. డాక్టరమ్మ మావయ్యను వదిలేసి, భూతద్దంతో బొమ్మను పరీక్షించింది.

"ఇదీ దొంగ! పక్కదానికి పగులు కూడా మొదలైంది."

పన్ను పీకేశాక ఆవిడే అడిగింది. "ఈ బొమ్మ నాకిస్తారా? బయటి గదిలో తగిలిస్తాను. చూసినవాళ్లు చచ్చినట్టు పళ్లు తోముకుంటారు."

అక్క మావయ్య వైపు చూసింది. మొహం మావయ్యది, ఆయన ఒప్పుకోవాలి. నోటినిండా దూది ఉండటంతో ఆయన చీటీ మీద రాసిచ్చాడు: "ఫ్రేము పెద్దది కట్టించాలి."

అమ్మ మాట తప్పలేదు. అక్క ఉద్యోగం మానేసింది. డాక్టరమ్మ గదిలో బొమ్మ చూసినవాళ్లు ఒక్కొక్కరే తమ మొహాలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. అయినా అమ్మకు గుబులు పోలేదు, అదంతా పుచ్చుపన్ను పుణ్యమేనని గొణిగేది.

మొన్న అమ్మే వచ్చి కూర్చుంది. బొమ్మ పూర్తయ్యాక చాలాసేపు చూసి, "నేను ఇంత అలిసిపోయానా?" అంది.

"ఉన్నదే వేశానమ్మా."

అమ్మ వంటగది వైపు వెళ్లలేదు. పట్టపగలు, మాకు ఊహ తెలిశాక మొదటిసారి, నాన్న కుర్చీలో చేరగిలబడి నోరు తెరుచుకుని నిద్రపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అక్క చప్పుడు చేయకుండా కొత్త కాగితం తీసింది.