మెనూలు మారిన దసరా

సారమ్మకు మనుషుల మీద కోపం తక్కువ, వస్తువుల మీద ఎక్కువ. పొయ్యి మండకపోతే పొయ్యిని తిడుతుంది, ఆటో దొరక్కపోతే రోడ్డును తిడుతుంది. ఆ ఏడు దసరా మరునాడు ఆమె తిట్టిన తిట్లు కంప్యూటర్లు తయారుచేసే మహానుభావులకు గనక వినబడి ఉంటే, చేతిలో పని వదిలేసి మొయినాబాద్ దాకా వచ్చి క్షమాపణ చెప్పుకుని పోయేవాళ్లు.

"ఎవలు చెప్పిండ్రు మిమ్మల్ని మార్చుమని? మంచిగున్నదాన్ని మార్చెటందుకు మీకేం రోగమొచ్చింది?" అంది తెర వంక చూసి, గొంతు తగ్గించి. అవతల బల్ల దగ్గర సేటు ఉన్నాడు మరి.

సేటంటే బాలకిషన్. చేవెళ్ల పోయే రోడ్డు మీద ఆయనకు జిరాక్సు, పెళ్లికార్డుల షాపు ఉంది. షాపు వెనకాలే ఇల్లు. సారమ్మ ఆ షాపులో కంప్యూటర్ ముందు కూర్చోబట్టి తొమ్మిదేళ్లు. అంతకుముందు అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్ గులాబీ తోటలో కూలికి పోయేది. భర్త స్వామిదాసు ఇప్పటికీ అక్కడే మాలి. పక్క ఊరు హిమాయత్‌నగర్‌లో వాళ్ల చర్చికి పాటల కాగితాలు రాసిపెట్టేది సారమ్మే. గుండ్రంగా, ముద్దుగా ఉంటాయి ఆమె అక్షరాలు. ఒకసారి ఆ కాగితాలు జిరాక్సుకు తెచ్చినప్పుడు బాలకిషన్ చూసి, "గింత మంచిగ రాస్తున్నవ్, ముండ్ల చెట్ల నడుమ ఏం చేస్తున్నవమ్మా? టైపు నేర్చుకో, నా షాపుల కూసోబెడుత" అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. చేతుల మీద గులాబీ ముళ్ల గీతలు మానిపోయేసరికి ఆమె కంప్యూటర్‌లో అక్షరాలు పేర్చి పెళ్లికార్డులు కట్టడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది షాపులో ఎవరికీ తెలియదు. సారమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆమెది ఏడో తరగతి, అదీ తెలుగులో. ఎవరైనా ఇంగ్లీషులో రాసిస్తే ఆ అక్షరాన్ని మీటల మీద వెతికి చూసి కొడుతుంది, అంతే. అది ఏ మాటో అడిగితే నోరు పెగలదు. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. చెబితే మళ్లీ తోటకు పొమ్మంటారని భయం.

మరి ఇన్నేళ్లు ఎట్లా నెట్టుకొచ్చిందంటే, జాగాలు గుర్తుపెట్టుకుని. సొంత వంటింట్లో దీపం లేకపోయినా ఉప్పు డబ్బా మీదికి చేయి పోతుంది కదా, అట్లా. తెర పైవరుసలో మొట్టమొదటి మాట నొక్కితే ఒక జాబితా కిందికి జారేది. అందులో సగం దాటాక ప్రింటు. దాని పక్క మాటలో చెరిపేసినదాన్ని వెనక్కి తెచ్చే మంత్రం. ఆ మాటలను ఏమంటారో ఆమెకెందుకు? అవి ఉన్నచోట ఉంటే చాలు. ఉన్నాయి కూడా, దసరా దాకా.

దసరాకు ముందు ఒక ఉరుముల వానకు పాత కంప్యూటర్ కాలిపోయింది. బాలకిషన్ కొడుకు సాయిదీప్‌కు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పట్లో ఎవరింట చూసినా ఆ ఉద్యోగాల ముచ్చటే, మొయినాబాద్ చేలన్నీ ఆ ఉద్యోగస్థుల ఫాంహౌసులు కావడమే. ఆ పిల్లవాడు కొత్త కంప్యూటర్ తెచ్చి, అందులో కొత్తగా వచ్చిన ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, "సూపర్ ఉన్నది సారక్కా, మొత్తం మార్చేసిండ్రు" అని సంబరంగా చెప్పి, దాన్ని ఆపేసి తన దారిన తాను పోయాడు.

పండుగనాడు సేటు భార్య సావిత్రమ్మ షాపులో ఉన్న ప్రతి పనిముట్టుకూ పూజ చేసింది. జిరాక్సు మిషన్‌కు, ప్రింటర్‌కు, ఆఖరికి కార్డులు కోసే కత్తెరకు కూడా గంధం పూసి కుంకుమ పెట్టింది. కొత్త తెరకు అంచు మరీ సన్నగా ఉండి బొట్టు ఆనలేదు. అందుకని గాజు మీదనే, ఎడమ పక్క పై మూలకు, రూపాయి బిళ్లంత బొట్టు దిద్దింది. ఆపేసిన తెర నల్లగా ఉంది. ఆ మూలన ఏముంటుందో ఎవరికి తెలుసు?

మరునాడు సారమ్మ కూర్చుని తెర వెలిగిస్తే, తెలిసిన ఇల్లు కాదది. పైన మాటలైతే ఉన్నాయి. నొక్కితే జాబితా జారదు. కింద బొమ్మల వరుస మొత్తం మారిపోతుంది. ఒకచోట కత్తెర, ఒకచోట కుంచె, ఇంకోచోట పేరు తెలియని గీతలు, గళ్లు. టైపు కొట్టడం ఎట్లాగో కుదిరింది. కొట్టినదాన్ని కాగితం మీదికి తెచ్చే దారి మాత్రం ఎక్కడా లేదు.

అదే రోజు ఎంకయ్య వచ్చాడు. కొడుకు పెళ్లి కార్తీకంలో. కార్డు ప్రూఫు ఒకసారి చూసుకుంటే చేవెళ్ల ప్రెస్సుకు పంపాలి.

"కరెంటు లేదన్నా, రేపు రా" అంది సారమ్మ.

ఎంకయ్య తలెత్తి పైన గిర్రున తిరుగుతున్న ఫ్యానును చూశాడు. సారమ్మను చూశాడు. చెప్పులేసుకుని వెళ్లాడు. ఆమెకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మరునాడు ప్రింటర్ పాడైందని చెప్పింది. ఆయన పోగానే సాయిదీప్‌కు ఫోన్ చేసింది. "ఆఫీస్ బటన్ నొక్కు అక్కా, అంతే! మీటింగ్‌ల ఉన్న" అని అతను పెట్టేశాడు. అంతేనట! ఆ పైనున్న మాటల్లో 'ఆఫీస్' ఏదో ఎవరు చెప్పాలి? మళ్లీ ఫోన్ చేసి అడిగితే గుట్టు బయటపడుతుంది. ఆమె ఫోన్ పక్కన పెట్టేసింది.

శనివారం పొద్దున ఎంకయ్య ఓపిక అయిపోయింది. "మొదటి కార్డు దేవుని కాడ పెట్టాలె, తర్వాత ఊరూరు తిరిగి పంచాలె. పెండ్లయినంక ఇస్తవా అక్కా కార్డులు?" అని రోడ్డు మీదికి వినబడేట్టు అరిచాడు. బాలకిషన్ లేచి వచ్చి, సాయంత్రం దాకా గడువడిగి ఆయన్ను బతిమాలి పంపించాడు.

"ఏమైంది సారమ్మా? ప్రింటర్ మంచిగనే ఉన్నది కదా."

సారమ్మ ప్రింటర్ మూత ఎత్తి మళ్లీ దించింది.

"పెండ్లిల్ల సీజన్ నెత్తి మీదున్నది. మా ఉషశ్రీ కంప్యూటర్ కోర్సు చేసి ఇంట్ల కూసున్నది. సోమవారం నుంచి ఆమెను రమ్మంట. నువ్వు జిరాక్సు చూసుకో, ఫికర్ జెయ్యకు."

ఉషశ్రీ అంటే సావిత్రమ్మ తమ్ముడి కూతురు. జిరాక్సు దగ్గర హన్మంతు ఎన్నాళ్ల నుంచో ఉన్నాడు. ఒక మిషన్‌కు ఇద్దరెందుకు? కొన్నాళ్లు నిలబెట్టి, ఆ తర్వాత ఇంటి దగ్గర ఉండమంటారు. సారమ్మకు ఇంగ్లీషు రాకపోవచ్చు గానీ ఇంత మాత్రం అర్థమవుతుంది.  ఆ కుర్చీలో కూర్చున్నాకే కదా ఊళ్లో జనం ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది! అంతకుముందు ఆమె స్వామిదాసు పెళ్లాం, తోటపని ఆమె. కుర్చీని వదిలేది లేదనుకుంది.

"సోమవారం కదా సేటు. ఇయ్యాల శనివారమే" అంది.

ఇక పట్టుకుంది. తెర మీద ఉన్న ప్రతి బొమ్మనూ ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఒకటి నొక్కితే అక్షరాలు లావెక్కాయి. ఒకటి నొక్కితే ఎర్రబడ్డాయి. ఇంకోటి నొక్కితే కార్డు నిలువునా రెండుగా చీలి పెళ్లికొడుకు ఒక పక్కకు, పెళ్లికూతురు ఇంకో పక్కకు పోయారు. "పెండ్లి కాకముందే విడగొట్టినవ్ గదనే పాపిష్టిదానా!" అని మౌసును బల్లకేసి కొట్టి, మళ్లీ తానే దాన్ని తీసుకుని తుడుచుకుంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే తెర కనబడదని ఆపుకుంది. కార్డు చెడిపోతే మూసేసి మళ్లీ మొదలు. అన్నం డబ్బా కూడా విప్పలేదు.

అన్నీ అయిపోయాయి. ఆ బొట్టున్న మూల తప్ప. అటు మాత్రం ఆమె మౌసు బాణాన్ని పోనివ్వలేదు. పూజ చేసి పెట్టిన బొట్టు మీద బాణం పెట్టి పొడవడమేమిటి? తన దేవుడు వేరు గనక ఆ మర్యాద ఇంకా ఎక్కువే పాటిస్తుంది. కానీ అలసిన చేయి జారి బాణం ఆ మూలకు పోయింది. పోగానే బొట్టు అంచుల చుట్టూ సన్నగా పసుపు వెలుగు మెరిసింది. సారమ్మ ఉలిక్కిపడి మౌసు వెనక్కి లాగింది. వెలుగు ఆరిపోయింది. మళ్లీ పోనిచ్చింది. మళ్లీ మెరిసింది.

లేచి వెనక ఇంట్లోకి వెళ్లింది. సావిత్రమ్మ బియ్యం ఏరుతోంది. ఉషశ్రీకి మేనత్త కదా, ఈమెను అడగడం మంచిదేనా అని గడప దగ్గర ఒక్క క్షణం కాలు ఆగింది. ఆగి ఏం లాభమని లోపలికి నడిచింది.

"అమ్మా, మీరు పెట్టిన బొట్టు కింద ఏమో ఉన్నది. జర తుడవాలె. మీరే రావాలె."

"అయ్యో, దానికి నేనెందుకే? నువ్వు తుడిస్తె ఏమైతది?"

"కిరస్తానీ ఆమె పండుగ బొట్టు తుడిచిందంటరమ్మా."

"ఎవలంటరు?"

"ఎవలన్న అంటరు."

సావిత్రమ్మ చేట పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లలో ఈ మనిషి పూజ గూటి వైపు ఎందుకు రాదో ఇప్పుడు తెలిసినట్టుంది. లేచి వచ్చి కొంగు తడిపి తుడిచింది. ఎండిన గంధం వదల్లేదు, గోరుతో గీకింది. దాని కింద గుండ్రటి బొమ్మ ఒకటి ముద్దుగా కూర్చుని ఉంది. సాయిదీప్ చెప్పిన ఆఫీస్ బటన్ ఇదే, దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు.

సారమ్మ నొక్కింది. జాబితా జారింది! ఎన్ని రోజులైందో అది జారక. ప్రతి మాట పక్కనా ఒక బొమ్మ, అందులో ఒకటి ప్రింటర్ బొమ్మ. దాని మీద నొక్కేసరికి బల్ల మీద ప్రింటర్ గురగురమని కదిలింది. వధూవరులు ఒకే కాగితం మీద, పక్కపక్కన, చక్కగా బయటికి వచ్చారు.

బాలకిషన్ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వేనానె నా షాపు ఆపింది!" అని భార్యను ఆటపట్టించాడు. "సరే సారమ్మా, నీ పని నువ్వే చేసుకో. ఉషశ్రీకి వద్దని చెప్త" అన్నాడు.

తెలివున్నవాళ్లెవరైనా అక్కడ నోరు మూసుకుంటారు. కుర్చీ దక్కింది, గుట్టు దాగింది, ఇంకేం కావాలి? సారమ్మ మూసుకోలేదు. ఆమెకు ఆ జాబితాలోని మాటలు ఇప్పుడు కూడా గీతల్లాగానే కనబడుతున్నాయి. ఈసారి బొమ్మ ఉంది గనక దొరికింది. ఆ మార్చేవాళ్లు మళ్లీ మారిస్తే?

"వద్దని చెప్పకుండ్రి సేటు. నాకు ఇంగ్లీషు సదువరాదు."

బాలకిషన్ నవ్వు ఆగిపోయింది. "రాదా? మరి ఇన్నేండ్ల సంది?"

"జాగాలు యాదుంచుకొని చేసిన. చెప్తె తీసేస్తరని చెప్పలే. వాళ్లు మార్చినప్పుడల్ల నేను గుడ్డిదాన్నయిత సేటు, గిట్ల నాతోని కాదు. తీసేస్తె తీసేయుండ్రి. లేకుంటె ఆ పిల్లను నా పక్కకు కూసోబెట్టుండ్రి. నాకు ఇంగ్లీషు నేర్పిస్తది, నేను ఆమెకు కార్డు కట్టుడు నేర్పిస్త."

బాలకిషన్ అవుననలేదు, కాదనలేదు. ప్రూఫు తీసుకుని ఎంకయ్యకు ఫోన్ చేయడానికి వెళ్లిపోయాడు. సావిత్రమ్మ కూడా లోపలికి పోయింది.

ఆదివారం చర్చిలో సారమ్మ పాట మధ్యలో చరణం మరచిపోయింది. "చెప్పకుంటనే ఉండాల్సింది" అన్నాడు స్వామిదాసు ఇంటికి నడుస్తూ. "ఎన్నొద్దులు దాసుకోవాలె?" అంది ఆమె. 

సోమవారం షేర్ ఆటో దిగి షాపు ముందుకొచ్చి గడప బయటే ఆగింది. లోపల ఉషశ్రీ ఉంది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. బాలకిషన్ తల ఎత్తకుండా, "టైమైంది, కూసో సారమ్మా. ఆ పిల్ల ఎప్పటి సంది ఎదురుచూస్తున్నది" అన్నాడు.

సారమ్మ గబగబా లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుని, పైవరుసలో మొదటి మాట మీద వేలు పెట్టింది.

"ఇదేం రాసిండ్రు బిడ్డా?"

"హోమ్, ఆంటీ. అంటే ఇల్లు."

"ఇల్లా! ఇంట్ల ఉన్నయన్ని ఎత్తుకపోయి, మీద ఇల్లని రాసిండ్రా? సిగ్గు లేదు!"

ఉషశ్రీ పకపకా నవ్వింది. సారమ్మ నవ్వలేదు. ఆ నాలుగు అక్షరాలనూ ఒక్కొక్కటిగా పలికి, కలిపి, మళ్లీ విడదీసి పలికింది. పక్క మాటకు పోయింది. అప్పుడే ఒకాయన జిరాక్సుకు కాగితాలేవో పట్టుకుని లోపలికొచ్చి, నడివయసు మనిషి చిన్నపిల్లలాగా అక్షరాలు వల్లెవేయడం చూసి, "ఏందమ్మా, ఏం చేస్తున్నవ్?" అన్నాడు.

సారమ్మ తెర మీది వేలు తీయలేదు.

"నాకు ఇంగ్లీషు సదువరాదు, నేర్చుకుంటున్న" అంది, షాపంతా వినబడేట్టు. "జర ఆగు అన్నా, ఈ మాట ఒక్కటి అయిపోనీ."