వీసా రాని సాక్ష్యం

లండన్ శివార్లలోని హేస్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ఒక అలవాటు ఉండేది. ఎవరి వీసా కాగితాలైనా సరే, పోస్టులో వేసే ముందు ఆదివారం తెచ్చి ప్రభువు బల్ల మీద పెట్టాలి. పాస్‌పోర్టులు, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో సర్దుకుని వచ్చేవాళ్లు. పెద్దలు చుట్టూ నిలబడి దాని మీద చేతులుంచి ప్రార్థించేవారు. వీసా వచ్చాక ఆ కుటుంబం ముందుకొచ్చి దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేది, ఆ వారం అందరికీ బిర్యానీ పెట్టేది. కమ్యూనిటీ సెంటర్ హాలు కిటికీలకు ఆవిరి పట్టేంత బిర్యానీ. రొట్టె, ద్రాక్షరసం ఉండే చోట ఇమిగ్రేషన్ ఫారాలు ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు. రత్నకుమారి ఒక ఆదివారం లేచి అడ్డు చెప్పేదాకా నాకూ తోచలేదు.

ఆమెది పొన్నూరు దగ్గర పల్లె. భర్త పోయాక గుంటూరులో ఒక మిషనాసుపత్రిలో ఆయాగా చేసింది. 2003లో ఏజెన్సీ ద్వారా ఇక్కడి ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఉద్యోగానికి వచ్చింది. మరుసటి ఏడాది కూతురు కెజియాను తెచ్చుకుంది. ఇద్దరూ హౌన్స్‌లోలో మా ఇంటి మేడ మీద గదిలో ఉండేవారు. ఎయిర్‌పోర్టు పక్కనే కావడంతో విమానం ఇంటి కప్పు రాసుకుపోతున్నట్టు వెళుతుంటే మేమంతా గొంతు పెంచి మాట్లాడతాం. ఆమె మాత్రం మాట ఆపి, అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకునేది. నా మాట వినబడకపోతే నేనెందుకు అరవాలి అన్నట్టు ఉండేది ఆ తీరు.

లండన్‌లో మనవాళ్లు చేసే పనికి మంచి పేర్లు తొడుగుతారు. గోదాములో పెట్టెలు ఎత్తేవాడు లాజిస్టిక్స్ అంటాడు. సహవాసంలో కొత్తవాళ్లు వస్తే సుగుణ, అంటే మా సంఘపెద్ద విద్యాసాగర్ భార్య, రత్నకుమారిని చూపించి, "మా నర్సు సిస్టర్" అనేది.

"నర్సును కాదండీ. కేరర్ని. ముసలివాళ్లకి ఒళ్లు కడుగుతా, ప్యాడ్లు మారుస్తా, అన్నం తినిపిస్తా."

"అబ్బా, తినేటప్పుడా రత్నం ఈ కబుర్లు!" అని సుగుణ ముక్కు మూసుకునేది.

"మీరు తింటన్నారుగా అక్కా. వాళ్లూ తినాలిగా."

ఒకసారి నేనే అడిగాను, ఊరుకుంటే ఏం పోయిందని. ఆమె నా వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ప్రభువు తన ఆఖరి రాత్రి తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు గదాంటీ. కాళ్లు కడిగే దేవుడికి మొక్కుతా, ఒళ్లు కడిగేదాన్నని చెప్పుకోడానికి సిగ్గుపడనా? అట్టాగైతే నేను మొక్కేది ఆయనకి కాదు, ఇంకెవరికో," అంది.

నేను జీవితమంతా పుస్తకాలు చదువుతూ గడిపినదాన్ని. దేవుడు ఎలాంటివాడు అనే ప్రశ్న మీద లావుపాటి పుస్తకాలే చదివాను. ఆమె ఆ ప్రశ్నను చిక్కుడుకాయల పళ్లెం ముందు కూర్చుని అటు నుంచి ఇటు తిప్పింది. ఆయన ఎలాంటివాడో తెలిస్తే మనం ఎలా ఉండాలో తెలుస్తుంది. మనం ఎలా ఉంటున్నామో చూస్తే, మనం నిజంగా ఎవరికి మొక్కుతున్నామో తెలుస్తుంది.

2007లో నిబంధనలు మారాయి. ఆమెలాంటి కేరర్లకు వర్క్ పర్మిట్ పొడిగించాలంటే అంతకు ముందు లేని అర్హతలు అడగడం మొదలుపెట్టారు. కెజియాకు అప్పుడు పద్నాలుగేళ్లు, ఇక్కడి లెక్కలో ఇయర్ టెన్‌లో ఉంది. ఆ పిల్లకు స్కూలంటే ప్రాణం, ముఖ్యంగా కెమిస్ట్రీ. పర్మిట్ పోతే తల్లీ కూతుళ్లిద్దరూ దేశం వదలాలి.

విద్యాసాగర్ చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ మేనేజరు, విజయవాడ మనిషి. కొత్తగా దిగిన పిల్లలను ఎయిర్‌పోర్టు నుంచి తన కార్లో తెచ్చి గదులు చూపించినవాడు. ఒక శనివారం ఆయన మా ఇంటికి వచ్చి, నా వంటింట్లో కూర్చుని టీ తాగుతూ ముఖం వెలిగిపోతుండగా రత్నకుమారితో చెప్పాడు.

"సిస్టర్, దేవుడు తలుపు తెరిచాడు."

"ఏ తలుపు బ్రదర్?"

"విజయవాడలో మా బావమరిదికి నర్సింగ్ హోమ్ ఉంది. నువ్వక్కడ ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేసినట్టు ఎక్స్‌పీరియెన్స్ పెడుతున్నాం. ఎంక్వయిరీ ఫోన్ వస్తే ఎత్తేది వాడే. నువ్వు ఔననాలి, అంతే."

"నేను బెజవాడలో రైలు మారడం తప్ప ఏం చెయ్యలేదండీ."

"ఆ ముక్క ఎవరి దగ్గరా అనకు! మా ఆఫీసులో సగం మంది ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకుని వచ్చినవాళ్లే. ఏమైంది, పని చెయ్యట్లేదా వాళ్లు? సంఘమంతా నీ కోసం వారం నుంచి ఉపవాసం ఉంటోంది సిస్టర్. దేవుడు జవాబిచ్చాడు. ఆదివారం ఫైలు నేనే తెస్తాను."

ఆమె ఆయన కప్పు తీసి సింకులో పెట్టింది. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకుని లేచాడు.

ఆ సాయంత్రం తల్లీ కూతుళ్లు అదే వంటింట్లో పోట్లాడుకున్నారు. నేను పక్క గదిలోనే ఉన్నాను. వినకుండా ఉండటానికి ఆ ఇంట్లో గోడలు అంత మందం కావు.

"మమ్, ఇట్స్ జస్ట్ వన్ ఫోన్ కాల్! ఎవ్రీబడీ డజ్ ఇట్!"

"అందరూ చేసేది చెయ్యడానికైతే ఆదివారం ఆదివారం బస్సెక్కి హేస్ దాకా దేనికే?"

"ఎగ్జాక్ట్‌లీ! దేనికి? నీకు గాడ్ కావాలి. ఐ వాంట్ మై స్కూల్."

"నాకూ కావాలి నీ స్కూలు. నీకంటే ఎక్కువ కావాలి."

"దెన్ సే ఇట్. ఐ వజ్ ఎ నర్స్. దట్స్ ఆల్."

కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టిన చప్పుడు వినబడింది.

"ఆ మాట నా నోటితో అన్నాక, రేపు నువ్వు నాకు అబద్ధం చెప్తే నిన్ను ఏ మొహం పెట్టుకుని అడగనే?"

పిల్ల మెట్లెక్కి తలుపు ధడేలున వేసుకుంది. రత్నకుమారి నా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"భయంగా ఉందాంటీ. దాని చదువు నేనే పాడు చేస్తన్నానేమో."

"అయితే ఒప్పుకుంటావా?"

"భయమని చెప్పా. ఒప్పుకుంటానని చెప్పలా."

ఆదివారం పాటలయ్యాక విద్యాసాగర్ నీలం ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్దలు లేచారు. ఆయన చెయ్యి చాచి, "ప్రేమగల తండ్రీ," అని మొదలుపెట్టేలోపు రత్నకుమారి వెనక వరుసలో నుంచి నడిచివచ్చింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, కేర్ హోమ్ యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది. ఫైలు తెరిచి, విజయవాడ నర్సింగ్ హోమ్ కాగితాన్ని బయటికి లాగింది.

"ఇది నాది కాదు బ్రదర్."

"సిస్టర్, తరువాత మాట్లాడదాం. ప్రార్థన మధ్యలో ఏమిటిది?"

"ప్రార్థన దీని మీదేగా చేసేది? ఇప్పుడే మాట్లాడాలి."

సుగుణ లేచి నిలబడింది. "అంత సత్యవంతురాలివా నువ్వు? కేర్ హోమ్‌లో మతి పోయిన ముసలమ్మలు మొగుడేడని అడిగితే, వస్తున్నాడు, బస్సులో ఉన్నాడని చెప్పరూ మీరంతా? అది అబద్ధం కాదా?"

హాల్లో ఒకరిద్దరు నవ్వారు.

"మా ఎడ్నా రోజూ అడుగుద్ది అక్కా. వస్తన్నాడని నేను చెప్పను. చచ్చిపోయాడనీ చెప్పను. నేనున్నానుగా ఎడ్నా, అంటా. ఏడుస్తది కాసేపు. చెయ్యి వదలదు. నాకు దేవుడు చేసింది కూడా అంతేనక్కా. మా ఆయన పోయినప్పుడు ఆయన్ని తిరిగి తెచ్చివ్వలా. నేనున్నాగా, అన్నాడు."

"విశ్వాసం ఉంటే ఇలా మాట్లాడవు," అన్నాడు విద్యాసాగర్. ఆయన గొంతులో కోపం కంటే దెబ్బ తిన్న బాధే ఎక్కువ ఉంది. "నీ కోసం ఎంత తిరిగానో తెలుసా?"

"తెలుసు బ్రదర్. మీ మేలు మరవను. కాని ఒక్కటి చెప్పండి. సిలువకి ముందు ప్రభువుని ఆ గవర్నరు దగ్గర నిలబెట్టినప్పుడు ఒక్క మాట అటూ ఇటూ తిప్పి చెప్తే ఆయన బతికి ఇంటికి పోయేవాడు. చెప్పలా. చెప్పలేదు గనకే మనకీ బల్ల ఉంది. దీని మీద అబద్ధాన్ని పెట్టి, దీవించమని ఆయన్నే అడగమంటారా?"

ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికిచ్చింది. మిగిలిన ఫైలు మళ్లీ బల్ల మీద సరిగ్గా సర్దింది.

"ఇవి నావి. ఆయా పని చేశానని ఉంటది, కేరర్ పని చేస్తన్నానని ఉంటది. వీటి మీద చెయ్యండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. నేను లేచి వెళ్లి పక్కన నిలబడ్డాను. మా సహవాసంలో ఆడవాళ్లు బల్ల దగ్గర ప్రార్థన చేసే వాడుక లేదు. ఆమె స్కార్ఫు తలమీదికి లాక్కుని, రెండు చేతులూ ఫైలు మీద పెట్టింది.

"తండ్రీ, ఇస్తే తీసుకుంటా. ఇవ్వకపోతే నీతో పోట్లాడతా. అంతేగాని నిన్ను వదిలి ఇంకొకణ్ణి వెతుక్కోను. ఆమెన్."

కెజియా వెనక వరుసలో చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆమెన్ అనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు హెచ్ 98 బస్సులో తల్లికి దూరంగా, పై అంతస్తులో కూర్చుంది.

క్రిస్మస్‌కు ముందే జవాబు వచ్చింది. పర్మిట్ పొడిగించలేదు. ఫిబ్రవరి ఆఖరుకల్లా వెళ్లిపోవాలి. ఆ కబురు సహవాసంలో చల్లగా పాకింది. కొందరు జాలిపడ్డారు. కొందరు, "మేం చెప్పలేదూ," అన్నారు. నిజం చెప్పినందుకు దేవుడు చివరి క్షణంలో ఏదో అద్భుతం చేస్తాడని నేను లోలోపల ఎదురుచూశాను. కథలు చదివే అలవాటు అది. అద్భుతమేదీ జరగలేదు. రత్నకుమారి షిఫ్టుల ప్రకారం డ్యూటీకి వెళ్లొచ్చింది, ఒక రోజంతా ముసుగుతన్ని ఏడ్చింది, లేచి పప్పుచారు పెట్టింది.

2008 కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం సాక్ష్యాల ఆదివారం. ముందురోజు విద్యాసాగర్ ఫోన్ చేశాడు. ఆమె గిన్నెలు కడుగుతూ స్పీకర్లో పెట్టింది.

"సిస్టర్, రేపు నువ్వు లేవకు. కొత్త కుటుంబాలు వస్తున్నాయి. ఇంతమంది ప్రార్థిస్తే దేవుడు వినలేదంటే వాళ్ల విశ్వాసం ఏం కావాలి?"

"విన్నాడు బ్రదర్. కాదన్నాడు."

"దాన్ని సాక్ష్యం అనరు."

"మరేమంటారు?"

ఆయన ఫోన్ పెట్టేశాడు.

మరునాడు రెండు కుటుంబాలు సాక్ష్యం చెప్పాయి. ఒకరికి శాశ్వత నివాసం వచ్చింది, ఇంకొకరు ఇల్లు కొన్నారు. దేవుడు నమ్మదగినవాడని ఇద్దరూ అన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు సగమే అందుతుంది కాబట్టి, ముందు వరుసలో కూర్చున్న వాళ్ల కోసం ప్రతి సాక్ష్యాన్నీ ఎవరో ఒకరు ఇంగ్లీషులో చెబుతారు. ఆ నెల వంతు కెజియాది. మైకు పట్టుకుని, బండరాయి లాంటి ముఖంతో, ఒక్కో వాక్యం అప్పగిస్తోంది.

ఎవరూ పిలవకుండానే రత్నకుమారి ముందుకు నడిచి కూతురి పక్కన నిలబడింది.

"వందనాలు. నా వీసా రాలేదు."

కెజియా నేల చూసింది. పిల్లలు ఇంగ్లీషు మాట కోసం ఆమె వైపు చూస్తున్నారు. చివరికి, "మై మమ్ డిడ్ నాట్ గెట్ హర్ వీసా," అంది.

"ఇందాక చెప్పినవాళ్లు దేవుడు నమ్మదగినవాడన్నారు. నిజమే. వాళ్లకి వచ్చినందుకు కాదు. రాని నాకూ ఆయన అంతే. వస్తేనే మంచోడైతే ఆయన దేవుడు కాదు, ఏజెంటు."

కూతురు ఇంగ్లీషులో ఏజెంట్ అనగానే ముందు వరుసలో ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. పెద్దవాళ్ల వరుసల్లో ఎవరూ నవ్వలేదు.

"నా బిడ్డకి నా మీద కోపం."

"షీ సేస్ హర్ డాటర్ ఈజ్ యాంగ్రీ విత్ హర్." కెజియా ఆగింది. "షీ ఈజ్."

"పడనీ. దేవుడి మీద కూడా కోపం పడనీ. అబద్ధం చెప్పి నవ్వుకుంటా తన ముందుకొచ్చేదానికంటే, నిజం చెప్పి ఏడ్చుకుంటా వస్తేనే ఆయనకిష్టం. ఆయన అట్టాంటోడు. నేనూ అట్టాంటిదాన్ని కావాలని చూస్తన్నా. ఇంకా కాలా."

ఈ మాటలు ఇంగ్లీషులోకి తేవడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది. మొదలుపెట్టింది, ఆగింది, తల్లి వైపు తిరిగి మొదటిసారి సూటిగా చూసింది, మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేసింది.

విద్యాసాగర్ లేచాడు. "చాలు సిస్టర్. కూర్చో. టైమైపోయింది."

కెజియా మైకు దించలేదు. అలవాటు ప్రకారం దాన్నీ పిల్లలకు చెప్పింది. "అంకుల్ సేస్ దట్స్ ఇనఫ్, సిట్ డౌన్." ఆ తరువాత ఎవరూ తెలుగులో అనని మాట ఒకటి కలిపింది. "బట్ షీ హాజన్ట్ ఫినిష్డ్."

ఆయన మైకు కోసం చెయ్యి చాచాడు. పిల్ల ఒక అడుగు పక్కకు జరిగి తల్లికీ ఆయనకూ మధ్య నిలబడింది. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి కిందికి దిగింది.

"గో ఆన్, మమ్."

రత్నకుమారి కొంగులా స్కార్ఫు భుజం మీదికి సర్దుకుంది.

"అయితే వినండి," అంది.